డ్రా ఎ బాక్స్ రివ్యూ: ఉచిత డ్రాయింగ్ కోర్సు ఏం నేర్పుతుంది, ఏం వదిలేస్తుంది

డ్రాయింగ్ బేసిక్స్ మొదటి నుంచి సరిగ్గా నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఎవరు అడిగినా నేను ముందు చెప్పే పేరు డ్రా ఎ బాక్స్. వెంటనే ఇంకో మాట కూడా చెప్తాను, ఇది ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే సరిపోదు అని. కొందరు దీన్ని ఆకాశానికెత్తేస్తారు, ఇంకొందరు పెట్టెలు గీసి గీసి చేతులు నొప్పెట్టాయి గానీ బొమ్మ వెయ్యడం రాలేదని తిట్టిపోస్తారు. నా అభిప్రాయం ఏంటంటే ఈ కోర్సు ఏ పని కోసం తయారైందో ఆ పనిని దీనికంటే బాగా ఉచితంగా నేర్పేది నాకు కనిపించలేదు. కానీ డ్రాయింగ్‌లో సగం విషయాలు ఇందులో అసలు లేవు, వాటిని వేరే చోట వెతుక్కోవాలి. ఆ సగం ఎక్కడ దొరుకుతుందో కూడా కింద రాస్తున్నాను.

ఇర్షాద్ కరీం అనే ఆర్టిస్టు తయారుచేసిన ఆన్‌లైన్ కోర్సు ఇది. కాన్సెప్ట్ డిజైన్ అకాడమీ అనే ఆర్ట్ స్కూల్లో పీటర్ హాన్ చెప్పే డైనమిక్ స్కెచింగ్ క్లాసులో తాను నేర్చుకున్న పద్ధతిని పునాదిగా తీసుకుని, ఇంట్లో ఒంటరిగా కూర్చుని నేర్చుకునేవాళ్ళకి తగ్గట్టు దాన్ని మలిచారు. పాఠాలు వీడియోలోనూ ఉంటాయి, అదే విషయం రాతలో, బొమ్మలతో కూడా ఉంటుంది. నాకు రాతే ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే పెన్ను చేతిలో ఉన్నప్పుడు వీడియో ఆపి వెనక్కి జరపడం కంటే ఒక పేరా మళ్ళీ చదువుకోవడం తేలిక. మొదటి పాఠంలో గీతలు, ఎలిప్స్‌లు (నొక్కిన వృత్తాల్లాంటివి), పెట్టెలు. అది అవగానే 250 పెట్టెల ఛాలెంజ్. రెండో పాఠంలో గుండ్రటి ఆకారాలు, వాటి మీద కాంటూర్ గీతలు (ఆకారం ఉబ్బు తెలిసేలా చుట్టూ చుట్టే గీతలు), టెక్స్చర్లు (గరుకు, నునుపు లాంటి ఉపరితల తీరు). ఆ తర్వాత వరసగా మొక్కలు, పురుగులు, జంతువులు, రోజూ వాడే వస్తువులు, వాహనాలు. వస్తువుల పాఠానికి ముందు 250 సిలిండర్ల ఛాలెంజ్ ఇంకొకటి.

గీతతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అక్కడే బోర్ కొట్టి మానేస్తారు. మొదటి వ్యాయామం చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. స్కేలుతో ఒక గీత గీసి, దాని మీదే చేత్తో ఎనిమిది సార్లు గీయాలి. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. గీత చివర్లో దారప్పోగుల్లా విడిపోతే పర్వాలేదంటారు, మొదట్లో కూడా విడిపోతే మాత్రం ఒప్పుకోరు. చెయ్యి ఎంత అటూ ఇటూ వెళ్ళినా, పెన్ను ఎక్కడ పెడుతున్నామన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది కదా, ఆ ఒక్క క్షణం ఆగి చూసి పెట్టడం శ్రద్ధకి సంబంధించిన విషయం, నైపుణ్యానికి సంబంధించింది కాదు. ఈ తేడా మొదటి రోజే చెప్పడం నాకు చాలా నచ్చింది.

తర్వాత ఘోస్టింగ్ అని ఒక పద్ధతి వస్తుంది. రెండు చుక్కలు పెట్టి, పెన్ను కాగితానికి తగలకుండా గాల్లోనే ఆ చుక్క నుంచి ఈ చుక్కకి కొన్ని సార్లు చెయ్యి ఆడించి, అలవాటైందనిపించాక ఒక్క ఊపులో గీసేయాలి. ఆలోచించుకోవడం వేరు, రిహార్సల్ వేరు, గీయడం వేరు. గీసేటప్పుడు మాత్రం సందేహించకూడదు, గీత తప్పు దారి పట్టినా మధ్యలో చెయ్యి తిప్పి సరిదిద్దకూడదు. ముందు గీత సాఫీగా రావాలి, కచ్చితత్వం తర్వాత వస్తుంది అన్నది వాళ్ళ వరస. కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు, నెమ్మదిగా, భయంభయంగా, చుక్కకి తగలాలన్న టెన్షన్‌తో గీస్తారు, అందుకే గీత వణుకుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళకి ఒక బొమ్మలో నిలకడ కనిపించడానికీ, కనిపించకపోవడానికీ సగం కారణం ఈ వణుకే.

భుజం నుంచి గీయమంటారు, మణికట్టు నుంచి కాదు. పొడుగు గీతలకి ఇది నూటికి నూరుపాళ్ళు నిజం, మణికట్టు తిరిగే పరిధి చిన్నది కాబట్టి గీత వంకర తిరిగిపోతుంది. అయితే కొంతమంది దీన్ని ఒక వ్రతంలా పట్టుకుని కనురెప్ప మీద వెంట్రుకలు కూడా భుజంతోనే గీయబోతారు, అంత అక్కర్లేదు. చిన్న గీతకి మణికట్టు చాలు.

ఇక పెన్ను సంగతి. హోంవర్క్ అంతా ఇంకుతో చెయ్యాలి, 0.5 మిల్లీమీటర్ల మొన ఉన్న ఫైన్‌లైనర్ పెన్ను వాడమంటారు, పెన్సిల్ వద్దంటారు, టాబ్లెట్ మీద కూడా వద్దనే సలహా. చాలామందికి దీని మీద కోపం. రబ్బరుతో తుడిచే వీలుంటే గీత గీయకముందు ఆలోచించం, గీశాక ఆలోచిస్తాం, అదీ వాళ్ళ వాదన. నేను దీన్ని పూర్తిగా సమర్థిస్తాను, కానీ ఈ కోర్సు వరకే. వెలుగునీడలు నేర్చుకోవడానికి పెన్సిల్, బొగ్గు ఎంతో మంచివి, ఆ పని ఫైన్‌లైనర్‌తో చెయ్యబోతే అనవసరంగా కష్టపడాలి. ఒక జాగ్రత్త, ఫైన్‌లైనర్ మీద బలంగా నొక్కకండి, మొన నలిగిపోయి ఇంకు సరిగ్గా దిగదు.

250 పెట్టెల ఛాలెంజ్ గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఈ కోర్సుకి ప్రాణం అదే. ఒక మూల నుంచి మూడు వైపులకి మూడు గీతలు గీస్తారు, వై ఆకారంలో. అక్కడి నుంచి మిగిలిన గీతలు కలుపుతూ ఒక పెట్టె తయారుచేస్తారు, మనకి కనిపించని వెనక అంచులతో సహా. పెట్టెకి పన్నెండు అంచులుంటాయి కదా, అవి మూడు గుంపులు, ఒక్కో గుంపులో నాలుగేసి. నిజంలో ఆ నాలుగూ సమాంతరం. కాగితం మీద మాత్రం అవి మన నుంచి దూరంగా వెళ్తున్నకొద్దీ దగ్గరపడుతూ ఎక్కడో ఒక వానిషింగ్ పాయింట్ దగ్గర కలవాలి. పేజీ నిండాక వేరే రంగు పెన్ను తీసుకుని ఒక్కో గుంపులో నాలుగు గీతల్నీ వెనక్కి పొడిగించి చూడమంటారు. ఈ ఛాలెంజ్‌లో అసలు చదువంతా ఈ పొడిగించి చూడడంలోనే ఉంది. పెట్టె చూడ్డానికి బాగానే అనిపిస్తుంది, పొడిగిస్తే తెలుస్తుంది నాలుగు గీతల్లో రెండు ఒక జట్టుగా ఒకచోట, మిగతా రెండు ఇంకోచోట కలుస్తున్నాయని, లేదా అస్సలు కలవకుండా విడిపోతున్నాయని. ఆ తప్పు కళ్ళెదుట రంగులో కనిపిస్తుంది కాబట్టి తర్వాతి పేజీలో దాన్ని ఉద్దేశపూర్వకంగా సరిదిద్దుకోవచ్చు. టీచరు పక్కన లేకుండా మన తప్పు మనకే తెలిసే వ్యాయామాలు డ్రాయింగ్‌లో చాలా తక్కువ, అందుకే దీనికి నేను ఇంత విలువిస్తాను.

కొందరు విసుగు తట్టుకోలేక పెట్టెలన్నీ గీసేసి పొడిగింపులు చివర్లో ఒకేసారి చేద్దామనుకుంటారు. అలా చేస్తే ఒకే తప్పుని 250 సార్లు రుబ్బినట్టే. పేజీకి కొన్ని పెట్టెలు పెద్దగా, రకరకాల కోణాల్లో గీసి, అక్కడికక్కడే సరిచూసుకుని, ఆ రోజుకి ఆపేయండి. ఒక్క వారంలో అవగొట్టాలన్న పట్టుదల వద్దు.

మనం గీసిన కోణంలో పెట్టె నిజంగా ఎలా కనిపిస్తుందో చూడాలంటే బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్త ఫైలు తెరవగానే మధ్యలో ఒక క్యూబ్ కనిపిస్తుంది, దాన్ని ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో తిప్పి, మీ గీతలతో పోల్చుకోవచ్చు. లెన్స్ మార్చి చూస్తే గీతలు ఎప్పుడు మెల్లగా కలుస్తాయో, ఎప్పుడు గబుక్కున కలుస్తాయో కూడా అర్థమవుతుంది. దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించేలా గీసే ఈ పద్ధతినే పర్‌స్పెక్టివ్ అంటారు, దాని సూత్రాలని ఇటలీ పండితుడు లియోన్ బట్టిస్టా అల్బెర్టి 1435లోనే రాసిపెట్టాడు, అప్పట్నుంచీ సూత్రం అదే. ఇప్పుడు మనకి అదనంగా ఉన్నది ఇలా తిప్పి చూసుకునే సౌకర్యం.

ఎలిప్స్‌ల దగ్గర కూడా అంతే లోతుగా వెళ్తారు. ప్రతి ఎలిప్స్ మీద రెండు సార్లు తిరగమంటారు, ఆగకుండా. ఎలిప్స్‌ని రెండు సమానమైన సగాలుగా పొట్టి వైపు నుంచి కోసే గీతని మైనర్ యాక్సిస్ అంటారు, సిలిండర్ గీసేటప్పుడు అది సిలిండర్ మధ్య ఇరుసుతో ఒకే వరసలో ఉండాలి. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది గీసిన కప్పులు, చక్రాలు పక్కకి ఒరిగినట్టు ఉంటాయి. సిలిండర్‌లో మనకి దూరంగా ఉన్న చివర ఎలిప్స్ దగ్గరున్నదానికంటే కాస్త వెడల్పుగా తెరుచుకుంటుంది అన్నది ఇంకో విషయం, ఒకసారి తెలిశాక ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది.

రెండో పాఠం నుంచి ఈ ముక్కలన్నీ కలుస్తాయి. సాసేజ్ లాంటి ఆకారాల మీద కాంటూర్ గీతలు చుట్టడం, ఒక ఆకారం ఇంకోదాన్ని దూసుకుపోతే ఆ రెండూ కలిసే చోట గీత ఎలా వంగుతుందో ఊహించడం, ఇవి మొదట్లో బుర్ర వేడెక్కిస్తాయి. ఆకారాల ఖండనాలు మొదటిసారే సరిగ్గా రావాలని పట్టుపట్టకండి, కోర్సులో కూడా అది పరిచయం మాత్రమే అని చెప్తారు. టెక్స్చర్ విషయంలో మాత్రం వాళ్ళు చెప్పే మాట బంగారం. చెట్టు బెరడు మీద ప్రతి గరుకుకీ చుట్టూ ఔట్‌లైన్ గీయకుండా, ఆ గరుకు పక్కన పడే నీడని మాత్రమే గీయమంటారు. వివరాలు ఎక్కడ చూపాలి, ఎక్కడ వదిలేయాలి అన్న నిర్ణయం అప్పుడు మన చేతికొస్తుంది, బొమ్మ మరీ కిక్కిరిసిపోదు.

మొక్కలు, పురుగులు, జంతువుల పాఠాల్లో పద్ధతి ఒక్కటే, పెద్ద సాదా ఆకారంతో మొదలుపెట్టి దాని మీద చిన్న ఆకారాలు పేర్చుకుంటూ వెళ్ళడం. ఫోటోలో కనిపించే అంచుల్ని కాపీ కొట్టడం ఇక్కడ కుదరదు, ఈ జంతువు ఛాతీ ఎంత లావు, తుంటి ఎటు తిరిగింది అని కోర్సు అడుగుతూనే ఉంటుంది. పురుగుల పాఠం వదిలేయాలనిపిస్తుంది చాలామందికి, పురుగుల ఫోటోలు చూడలేక. వదలకండి, పెంకులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉండే తీరు మందాన్ని అర్థం చేసుకోవడానికి చాలా ఉపయోగపడుతుంది. నిజంగా చూడలేనివాళ్ళు పీతలు, రొయ్యలు ఎంచుకోవచ్చు.

అన్నిటికంటే నాకు విలువైనదిగా అనిపించింది యాభై శాతం నియమం. మొదటి పాఠానికి ముందు వచ్చే సున్నా పాఠంలోనే ఉంటుంది, చాలామంది చదివి మర్చిపోతారు. డ్రాయింగ్‌కి మీరు పెట్టే సమయంలో కనీసం సగం, నేర్చుకోవడం అనే ఉద్దేశం లేకుండా, మీకు నచ్చింది మీకు నచ్చినట్టు గీయడానికే పెట్టాలి. బాగా రాకపోయినా సరే. అది బహుమతి కోసం దాచుకునేది కాదు, హోంవర్క్ అయ్యాక మిగిలితే చేసేది అంతకన్నా కాదు, అసలు సగం అదే. పెట్టెలు మాత్రమే గీసి విసిగిపోయి డ్రాయింగే మానేసినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళంతా ఈ నియమాన్ని పక్కన పెట్టినవాళ్ళే. ఇంకా పర్‌స్పెక్టివ్ రాలేదు, అనాటమీ రాలేదు, అవి వచ్చాక నా కథలో డ్రాగన్ గీస్తాను అనుకుంటూ ఏళ్ళు గడిపేయడం చాలా సులువు. ఇవాళ వచ్చినంతలో ఇవాళే గీయండి. ఆ డ్రాగన్ రెక్క కుదరనప్పుడు కదా, కాంటూర్ గీతలు దేనికో తెలిసేది!

దానికి తోడు రుబ్బొద్దు అన్న సలహా. ఏ వ్యాయామం ఎన్ని పేజీలు చెయ్యాలో చెప్తారు, అంతే చెయ్యాలి, బాగా రాలేదని మళ్ళీ మళ్ళీ అదే చేస్తూ కూర్చోకూడదు. తర్వాత రోజూ మొదలుపెట్టే ముందు పది పదిహేను నిమిషాలు వార్మప్‌గా పాత వ్యాయామాల్లోంచి రెండు మూడు ఎంచుకుని చేస్తుంటే మెరుగవుతాయి. నాకు నచ్చిన ఏర్పాటు ఇది, ఎందుకంటే ఒకే రోజు మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ కాసేపు చేస్తేనే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

ఇక లేనివి. మొదటిది, చూసి గీయడం. ఎదురుగా ఉన్న వస్తువులో పొడవుకి వెడల్పెంత, ఈ చుక్క ఆ చుక్కకి ఏ కోణంలో ఉంది అని కంటితో కొలవడం ఈ కోర్సు ఉద్దేశం కాదు. ఒక మనిషి ముఖం పోలిక రావాలంటే కావలసింది సరిగ్గా అదే. చెయ్యి చాచి పెన్సిల్‌తో కొలవడం, కొమ్మల మధ్య ఖాళీల ఆకారాన్ని గీయడం, ఫోటోని తలకిందులుగా పెట్టి గీయడం లాంటి వ్యాయామాలు పక్కన పెట్టుకుని చెయ్యండి. క్రమపద్ధతి కావాలంటే ఫ్రెంచ్ ఆర్టిస్టు చార్లెస్ బార్గ్, చిత్రకారుడు జెరోమ్‌తో కలిసి 1866 నుంచి 1871 మధ్య తెచ్చిన డ్రాయింగ్ కోర్సు ప్లేట్లు (చూసి గీయడానికి అచ్చువేసిన బొమ్మలు) ఇప్పటికీ అద్భుతం, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి స్కాన్లు దొరుకుతాయి. వాన్ గో ఆర్టిస్టు కావాలని గట్టిగా నిర్ణయించుకున్నది 1880లో, అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు, మొదట పట్టుకున్నవాటిలో బార్గ్ ప్లేట్లు ఉన్నాయి, వాటిని చూసి గీస్తూనే చేతిని సాధన చేసుకున్నాడు. వయసు దాటిపోయిందేమో అని అడిగేవాళ్ళకి నేను ఈ సంగతే చెప్తాను. ప్లేటులో ముందు నాలుగైదు సరళరేఖలతో మొత్తం ఆకారం పట్టుకుని, తర్వాత వంపులు, చివరికి నీడ, ఆ వరస తప్పొద్దు.

రెండోది వెలుగునీడలు. డ్రా ఎ బాక్స్‌లో షేడింగ్ దాదాపు లేదు, కావాలనే పెట్టలేదు. ఒక గుడ్డు, ఒక దీపం చాలు మొదలుపెట్టడానికి. తెలుపు నుంచి నలుపు దాకా అయిదు మెట్లు గీసుకుని, కళ్ళు సగం మూసి చూస్తూ గుడ్డు మీద ఏ భాగం ఏ మెట్టుకి చెందుతుందో నిర్ణయించుకోవాలి. వెలుగులో ఉన్న భాగంలో అన్నిటికంటే ముదురు చోటు కూడా నీడలో ఉన్న అన్నిటికంటే లేత చోటు కంటే లేతగానే ఉండాలి, సాధారణ వెలుతురులో ఈ ఒక్కటి పాటిస్తే బొమ్మ మట్టిముద్దలా కనిపించదు.

మూడోది మనుషులు. కోర్సులో జంతువులున్నాయి గానీ మనిషి లేడు. ఇక్కడ ప్రోకో యూట్యూబ్ ఛానెల్ వైపు వెళ్ళండి. అందులో స్టాన్ ప్రొకొపెంకో చెప్పే జెశ్చర్ (ఒంటి ఊపుని పట్టుకోవడం), బీన్ (మొండేన్ని చిక్కుడు గింజలా చూడడం), రోబో బీన్ వీడియోలు ఈ వరసలో చూస్తే, పెట్టెలు గీసిన చేతికి రోబో బీన్ చటుక్కున అర్థమవుతుంది, అది ఛాతీని, తుంటిని రెండు పెట్టెలుగా చూడడమే కాబట్టి. ఉచిత వీడియోలు చాలు, డబ్బు కట్టే కోర్సుల గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు. సాధనకి లైన్ ఆఫ్ యాక్షన్ అనే సైటు ఉంది, అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు అంటూ టైమర్‌తో ఫోటోలు మారుస్తూ ఉంటుంది, మనుషులు, జంతువులు, చేతులు, ముఖాలు విడివిడిగా ఎంచుకోవచ్చు. అర నిమిషంలో మొత్తం మనిషిని గీయలేరు, గీయక్కర్లేదు కూడా, తల నుంచి కాలి దాకా ఒంటి ఊపు ఎటు పోతోందో పట్టుకుంటే చాలు. అలాగని అన్నీ అర నిమిషం బొమ్మలే చేస్తే చెయ్యి వేగం నేర్చుకుంటుంది, కన్ను ఏమీ నేర్చుకోదు, అందుకే ఒక్కోసారి ఒకే బొమ్మ మీద అరగంట కూర్చోండి.

గొప్ప ఆర్టిస్టుల స్కెచ్‌లు చూడాలంటే మ్యూజియం సైట్లు మర్చిపోకండి. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న కాపీరైట్ లేని బొమ్మల ఫోటోల్ని అందరికీ ఉచితం చేసింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం సైటులో రెంబ్రాంట్ పెన్ను స్కెచ్‌లని పెద్దగా చేసి చూడొచ్చు. ఒక్కటి తీసుకుని, ఆయన ఏ గీత ముందు గీసుంటాడు, ఎక్కడ వదిలేశాడు అని ఆలోచిస్తూ కాపీ చెయ్యండి.

డ్రా ఎ బాక్స్‌లో మీ హోంవర్క్ పెడితే తోటి విద్యార్థులు ఉచితంగా చూసి చెప్తారు, డబ్బు కట్టేవాళ్ళకి అధికారికంగా దిద్దే ఏర్పాటు వేరుగా ఉంది. ఉచితంగా అడిగేటప్పుడు ఇతరులవి మీరూ చూసి చెప్పండి. మర్యాద కోసం అనడం లేదు, వేరేవాళ్ళ పెట్టెలో తప్పు పట్టుకోగలిగితే మీ పెట్టెలో కూడా పట్టుకోగలుగుతారు. అలాగే "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. ఈ మూడో పెట్టెలో వెనక మూల ఎందుకు కుదరలేదు అని అడగండి.

పోర్ట్రెయిట్లు, ప్రకృతి దృశ్యాలు మాత్రమే మీ ఇష్టమైతే ఏడు పాఠాలూ పూర్తిచెయ్యాల్సిన పనిలేదు. మొదటి పాఠం, 250 పెట్టెలు, రెండో పాఠం చేసి, బార్గ్ ప్లేట్లు, గుడ్డు నీడల వైపు వెళ్ళిపోండి. కామిక్స్, యానిమేషన్, కాన్సెప్ట్ ఆర్ట్ (సినిమాలు, గేముల కోసం ముందుగా గీసే బొమ్మలు), ఊహలోంచి ఏదైనా గీయాలన్న కోరిక ఉన్నవాళ్ళు మాత్రం వాహనాల పాఠం దాకా వెళ్ళండి. వస్తువుల పాఠం నుంచి స్కేలు వాడనిస్తారు, అప్పుడు కొలతలతో పని మొదలై కష్టం ఒక్కసారిగా పెరుగుతుంది. దానికి ముందు సిలిండర్లు తొందరపడకుండా పూర్తిచేసి ఉంటే చక్రాల దగ్గర ఇబ్బంది పడరు.